క్లిప్పన్ చర్చి గోడలో ఆ లావు జాయింట్లు మేస్త్రీ తప్పు కాదు

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకీ సంగతి తెలుస్తుంది. స్వీడన్‌లో చదువుకుంటున్న మీ అమ్మాయి, క్లిప్పన్ అనే చిన్న ఊళ్లోని సెయింట్ పీటర్ చర్చి ఫోటోలు పంపింది. మీరు 20 ఏళ్లుగా బిల్డింగ్ కాంట్రాక్టులు చేస్తున్నారు. ఆ గోడల్లో జాయింట్లు, అంటే ఇటుకకీ ఇటుకకీ మధ్య సందులు, ఒకచోట సన్నగా, ఆ పక్కనే రెండు వేళ్ల లావున ఉన్నాయి. ఆ సందుల్లో నింపే మాలు ఇటుక మొహం మీదికి పూసుకుపోయి ఉంది. "నా సైటులో ఇలా కడితే సాయంత్రానికల్లా పడగొట్టించేవాణ్ణి. దీన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి ఆర్కిటెక్టులో వెళ్తారట, ఎందుకండీ?" అని అడిగారు.

మీ కన్ను సరిగ్గానే చూసింది. ఆ ఫోటోలు చూసినవాళ్లంతా చీకటి గురించీ ప్రశాంతత గురించీ మాట్లాడతారు. మీరు తిన్నగా జాయింటు దగ్గరికి వెళ్లారు. అసలు విషయం అక్కడే ఉంది. నేను 30 ఏళ్లుగా ఆర్కిటెక్టుగా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం ఇటుక పనే. ఆ చర్చికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, అక్కడ ఇటుకని కోయకూడదన్నది నియమం. అర ఇటుక లేదు, ముక్క ఇటుక లేదు, మూలకోసం ప్రత్యేకంగా అచ్చు పోయించిన ఇటుకా లేదు. బట్టీలోంచి ఎలా వచ్చిందో అలాగే, నిండు ఇటుకగానే గోడలోకి వెళ్లాలి. ఇది వినడానికి చిన్న షరతు. పనిలోకి దిగితే ఎంత పెద్దదో మీకు నేను చెప్పక్కర్లేదు.

మన పనిలో ఇటుక ముక్క చేసే సాయం ఎంతో ఉంటుంది. ఒక వరస పొడవుగా, ఒక వరస అడ్డంగా పేర్చే ఇంగ్లిష్ బాండ్‌లో మూల దగ్గర క్వీన్ క్లోజర్ (నిలువునా సగానికి కోసిన ఇటుక) పెట్టకపోతే పై వరస జాయింటు కింది వరస జాయింటు నుంచి పక్కకి జరగదు, నిలువునా ఒకే గీతలో పడిపోతుంది. కిటికీ పక్కన మిగిలిన నాలుగు వేళ్ల ఖాళీని తాపీతో ఇటుకని ఒక దెబ్బ కొట్టి, ఆ ముక్కతో పూడుస్తాం. అంటే కొలతల్లో వచ్చే తేడా ఎంతైనా చివరికి ఇటుక మీదే పడుతుంది. జాయింటు మాత్రం 10 మిల్లీమీటర్లు దాటదు.

ఇప్పుడు ఆ లెక్కని తిరగేయండి. ఊహకోసం ఒక కొలత తీసుకుందాం. ఇటుక పొడవు 25 సెంటీమీటర్లు, వెడల్పు 12. రెండు కిటికీల మధ్య గోడ పొడవు 112 సెంటీమీటర్లు. నాలుగు ఇటుకలు పొడవుగా పెడితే 100 అయ్యాయి, మిగిలింది 12. ముక్క పెట్టడానికి లేదు. కాబట్టి ఆ 12 సెంటీమీటర్లూ మధ్యనున్న మూడు జాయింట్లు పంచుకోవాలి, ఒక్కోదానికి 4 సెంటీమీటర్లు. పై వరసలో జాయింటు తప్పించాలి కనుక ఆ చివరా ఈ చివరా ఇటుకని అడ్డంగా తిప్పి పెట్టాం, నడుమ మూడు పొడవు ఇటుకలు. మొత్తం 99 సెంటీమీటర్లు. మిగిలిన 13ని నాలుగు జాయింట్లు పంచుకుంటాయి, ఒక్కోటి మూడుంబావు. చూశారా, కింది వరసలో 4, పై వరసలో మూడుంబావు. మేస్త్రీ చెయ్యి ఎక్కడా తప్పలేదు. ఇటుక లొంగనంది కాబట్టి మాలు లొంగింది. మీరు ఫోటోలో చూసిన ఎగుడుదిగుడంతా ఈ లెక్కే.

ఈ నియమం పెట్టిన స్వీడన్ ఆర్కిటెక్టు పేరు సిగుర్డ్ లెవెరెంట్స్. 1885లో పుట్టాడు. చదివింది గోథెన్‌బర్గ్‌లోని చాల్మర్స్‌లో, అదీ మెకానికల్ ఇంజనీరింగ్. 1915లో గున్నార్ ఆస్ప్లండ్ అనే ఇంకో ఆర్కిటెక్టుతో కలిసి స్టాక్‌హోమ్‌లోని స్కూగ్స్‌షిర్కోగోర్డెన్ శ్మశానవాటిక పోటీ గెలిచాడు. 1994లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. కానీ 1930లలో ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు. ఆ తరవాత చాలా ఏళ్లు ఎస్కిల్‌స్టూనా అనే ఊళ్లో తన సొంత ఫ్యాక్టరీలో తలుపులకీ కిటికీలకీ కావాల్సిన లోహపు ఫిట్టింగులు తయారు చేయించాడు. డ్రాయింగులు మాత్రమే గీసిన మనిషి కాదన్నమాట, ఒక వస్తువు ఎలా తయారవుతుందో చేతులతో తెలిసినవాడు. క్లిప్పన్ చర్చి పని మొదలయ్యేనాటికి వయసు 80కి దగ్గరపడింది. 1966లో చర్చి ప్రారంభమైతే, 1975లో చనిపోయాడు. తన పని గురించి రాసిందీ మాట్లాడిందీ దాదాపు లేదు. అందుకే గోడనే చదువుకోవాలి.

క్లిప్పన్‌కి ముందు ఇంకో చర్చి ఉంది, అది చెప్పకుండా ఇది అర్థం కాదు. స్టాక్‌హోమ్ శివారులో బ్యోర్క్‌హాగెన్ అని యుద్ధం తరవాత పుట్టిన కాలనీ. అక్కడి సెయింట్ మార్క్ చర్చి 1960లో పూర్తయింది. చుట్టూ బర్చ్ చెట్ల తోపు, కింద చిత్తడి నేల. బర్చ్ బెరడు తెల్లగా ఉండి, మీద అడ్డంగా నల్ల చారలుంటాయి. చర్చి గోడలో ముదురు రంగు ఇటుక, మధ్య మధ్య లావుపాటి లేతరంగు మాలు చారలు. దూరం నుంచి చూస్తే గోడేదో చెట్లేవో కాసేపు కలిసిపోతాయి. స్వీడన్‌లో మంచి కట్టడానికి ఇచ్చే కాస్పర్ సలీన్ బహుమతిని 1962లో మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట దీనికే ఇచ్చారు. అంటే ఈ లావు జాయింటు ఆయనకి క్లిప్పన్‌లో అనుకోకుండా వచ్చింది కాదు. అప్పటికే ఒక చర్చి కట్టి చూసుకున్నాడు. క్లిప్పన్‌లో దాన్ని ఇంకా కఠినం చేశాడు.

క్లిప్పన్ దక్షిణ స్వీడన్‌లో, స్కోనే ప్రాంతంలో కాగితపు మిల్లుతో బతికిన ఊరు. (హైదరాబాద్ ఐకియాలో క్లిప్పన్ అనే సోఫా కనిపిస్తుంది చూడండి, ఆ పేరు ఈ ఊరిదే.) ఇటుకలు దగ్గర్లోని హెల్సింగ్‌బర్గ్ నుంచి తెచ్చారు. బాగా కాలిన ఇటుక, ముదురు గోధుమరంగులో కొంచెం ఊదా కలిసినట్టుంటుంది. బయట గోడ, లోపలి గోడ, నేల, పైకప్పు, ఆఖరికి బలిపీఠం కూడా అదే ఇటుక. లోపల ప్లాస్టరింగ్ లేదు, టైల్స్ లేవు, ఫాల్స్ సీలింగ్ లేదు. కరెంటు వైర్లు కూడా గోడలో దాచకుండా పైనుంచే నడిపించారు, అయితే ఎంత పొందికగా వెళ్తాయంటే అవి లేకపోతే ఏదో లోటనిపిస్తుంది.

మాలు ఇటుక మొహం మీదికి పూసుకుపోయిందన్నారు కదా. అదీ కావాలనే చేసిందే. జాయింటు నింపాక తాపీతో గీత గీసి తీర్చలేదు, గోనెపట్టాతో గోడంతా రుద్దేశారు. దగ్గరగా వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. మాలు ఎక్కడ ఆగిందో ఇటుక ఎక్కడ మొదలైందో వేలికి వెంటనే తెలియదు. ఇటుక అంచుల మీద పల్చగా బూడిద రంగు పొర, దాని కింద గరుకు. పాయింటింగ్ చేసిన, అంటే జాయింటుని తాపీతో గీసి తీర్చిన గోడలో ఇటుకలు విడివిడిగా వరసల్లో కనిపిస్తాయి. ఇక్కడ ఇటుకలు మాలులో మునిగి ఉన్నట్టుంటాయి. గోడంతా ఒకే ముద్ద. లావు జాయింటుని గనక నీట్‌గా పాయింటింగ్ చేసి ఉంటే మీరన్నట్టు నిజంగానే అసహ్యంగా ఉండేది. ఆ రుద్దుడే దాన్ని కాపాడింది.

పైకప్పు మీకు ఇంకా నచ్చుతుంది. మన పాత రైల్వే బిల్డింగుల్లో గర్డర్ల మధ్య ఇటుకతో చిన్న చిన్న కమానులు కట్టి పైకప్పు వేసేవాళ్లు, జాక్ ఆర్చ్ అంటాం. క్లిప్పన్ పైకప్పు వరస అదే. ఉక్కు దూలాలు, వాటి మధ్య ఇటుక కమానులు. తేడా ఏమిటంటే మన జాక్ ఆర్చ్‌లో దూలాలు సమాంతరంగా ఉంటాయి. ఇక్కడ లేవు. ఒక కమాను ఈ చివర వెడల్పుగా మొదలై ఆ చివరికి సన్నబడుతుంది, పక్కది సన్నగా మొదలై వెడల్పవుతుంది. వెడల్పు మారుతున్న కమానుని ఇటుక కోయకుండా కట్టడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. అక్కడా ఇంతే, తేడా అంతా జాయింటే మింగింది. కింద నిలబడి తలెత్తితే పైకప్పు మెల్లగా ఊపిరి పీల్చి వదులుతున్నట్టనిపిస్తుంది.

హాలు నడుమ, సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి, తుప్పు రంగులో ఉక్కు స్తంభం ఒకటుంది. పైన అడ్డంగా ఉక్కు. ఇంగ్లిష్ టీ అక్షరంలా నిలబడి ఆ పైకప్పు బరువు మోస్తుంది. హాలు దాదాపు 18 మీటర్ల చదరం. అంత దూరానికి మధ్యలో స్తంభం లేకుండా దాటించడం 1960లలో పెద్ద కష్టమేమీ కాదు, మనమే గోడౌన్లకి దాటిస్తాం. అయినా ఆయన జనం మధ్యలో స్తంభం నిలబెట్టాడు. లోపల గోడకి పెద్ద సిలువేదీ వేలాడదీయాల్సిన అవసరం రాలేదు. బరువు మోసేదే సిలువ. నాకు ఆ చర్చిలో అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన ఇదే. ఎంతమంది ఎన్ని రకాలుగా వివరించినా, ఆ ఉక్కు కింద నిలబడినప్పుడు వివరణ అక్కర్లేదు.

చర్చి ఎందుకు చదరంగా ఉందంటే దానికి కారణం ఆరాధన పద్ధతి. పాత చర్చిల్లో బెంచీలు బస్సు సీట్లలా వరసగా, అందరూ ఒకే దిక్కుకి చూస్తూ ఉంటారు. 20వ శతాబ్దంలో యూరప్‌లో చాలా సంఘాలు ఈ పద్ధతిని మళ్లీ ఆలోచించాయి. బలిపీఠం చుట్టూ విశ్వాసులు చేరాలి, పాదిరి వాళ్ల మధ్యలో ఉండాలన్నది ఆ ఆలోచన. క్లిప్పన్‌లో బలిపీఠానికి మూడు వైపులా జనం కూర్చుంటారు. బిగించిన బెంచీలు లేవు, విడి కుర్చీలు. నేల బలిపీఠం వైపు మెల్లగా వాలుతుంది. నడుస్తుంటే కళ్లకి తెలియదు, కాళ్లకి తెలుస్తుంది. మనం వెళ్లడం లేదు, నేలే మనల్ని అటు తీసుకెళ్తోందనిపిస్తుంది. చర్చి సంఘం ఆఫీసూ ఇతర గదులూ ఎల్ ఆకారంలో చర్చిని రెండు వైపులా చుట్టి ఉంటాయి, మధ్యలో సందు వీధిలాంటి ఖాళీ.

మొదటిసారి వెళ్లింది అక్టోబరులో. లోపలికి అడుగుపెట్టాక రెండు మూడు నిమిషాలు ఏమీ కనిపించలేదు. ముందు కుర్చీలు తెలిశాయి, తరవాత స్తంభం, ఆ తరవాత నెమ్మదిగా పైకప్పు. అంత చీకట్లో ముందు చెవికి అందింది నీటి చుక్క పడే చప్పుడు. బాప్తిస్మం తొట్టి అక్కడ చెక్కిన రాయి కాదు, సముద్రంలో దొరికే పెద్ద ఆల్చిప్ప. ఉక్కు స్టాండు మీద పెట్టారు. దాంట్లోంచి నీళ్లు చుక్కచుక్కగా కిందికి పడతాయి. కింద ఇటుక నేల అక్కడ కొంచెం ఉబ్బి, విచ్చుకుని, నీటికి దారిచ్చినట్టుంటుంది. ఎండాకాలంలో చెరువు గట్టు నెర్రెలిచ్చినట్టు. ఇక్కడ కూడా ఇటుక కోయలేదు. నేల ఇటుకలు ఎడంగా జరిగాయి, అంతే. బయట చలి, లోపల ఆ ఒక్క చప్పుడు. పది నిమిషాలు కదల్లేకపోయాను.

కిటికీల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. లోపలి నుంచి చూస్తే గోడలో ఇటుకల మధ్య ఉత్త ఖాళీ. ఫ్రేము లేదు, చెక్క లేదు. గాలి వస్తుందేమో అనుకుని దగ్గరికి వెళ్తాం, రాదు. గాజు పలకని ఆ ఖాళీ కంటే పెద్దదిగా కోయించి, గోడకి బయటివైపు ఆనించి, లోహపు క్లిప్పులతో పట్టించి చుట్టూ సీలెంట్ పెట్టారు. బయటి నుంచి చూస్తే గోడకి అద్దం అతికించినట్టుంటుంది, అందులో చెట్లు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి కిటికీ ఫ్రేముల వ్యాపారం చేసిన మనిషి చివరికి ఫ్రేమునే తీసేశాడు! కిటికీ పని అంతగా తెలిసినవాడు కాబట్టే ఏది అక్కర్లేదో కూడా తెలిసింది. పైగా ఇటుక ఖాళీకి ఫ్రేము బిగించాలంటే ఖాళీ నాలుగు వైపులా తిన్నగా ఉండాలి. కోయని ఇటుకతో అది కుదరదు. గాజు బయట ఉంటే ఖాళీ ఎంత వంకరైనా ఫరవాలేదు. అంటే కిటికీ కూడా ఆ ఒక్క నియమంలోంచి పుట్టిందే.

ఇటుక చర్చి అంటే ఇలాగే ఉండాలని నేననను. అవతల కోపెన్‌హాగెన్‌లో గ్రుంట్‌విగ్ చర్చి చూడండి. పి.వి. యెన్సెన్-క్లింట్ గీసింది, 1921లో మొదలై 1940లో పూర్తయింది. ఆయన మధ్యలోనే చనిపోతే కొడుకు కోర క్లింట్ పూర్తి చేశాడు. అరకోటికి పైగా పసుపు ఇటుకలు. అక్కడ జాయింటు చూస్తే మీరు మేస్త్రీ చేతికి దండం పెడతారు. ఇంకోవైపు ఉరుగ్వేలో అట్లాంటిడా అనే ఊరి చర్చి, 1960లో అయిపోయింది. ఎలాడియో డీస్తే అనే ఇంజనీరు కట్టాడు. 7 మీటర్ల గోడ కింద తిన్నగా మొదలై పైకి వెళ్లేకొద్దీ చీర కుచ్చిళ్లలా అలలు తిరుగుతుంది. ఆ వంకర ఉండటం వల్లే సన్నపాటి గోడ పడిపోకుండా నిలబడుతుంది. ఇది 2021లో యునెస్కో జాబితాలో చేరింది. డెన్మార్క్‌లో నేర్పు, ఉరుగ్వేలో లెక్క. మూడింట్లో ఏది గొప్ప అని అడిగితే ఇంజనీరింగ్‌లో డీస్తేదే అంటాను. కానీ మళ్లీ వెళ్లి కూర్చోవాలనిపించేది మాత్రం క్లిప్పన్‌లోనే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఇలాంటి గోడ మనం కట్టొచ్చా అన్నది.

కాపీ కొట్టకండి. జాయింటు లావయ్యేకొద్దీ గోడ బలం తగ్గుతుంది. బరువు పడినప్పుడు మెత్తగా ఉన్న మాలు పక్కలకి సాగాలని చూస్తుంది, దానితోపాటు ఇటుకనీ లాగుతుంది. నొక్కుడుకి తట్టుకునే ఇటుక ఆ లాగుడికి తట్టుకోలేక నిలువునా చీలుతుంది. క్లిప్పన్‌లో ఇటుక గట్టిది, గోడలు మందం, మీద పడే బరువు తక్కువ. మన దగ్గర చాలాచోట్ల దొరికే మెత్తటి ఇటుకతో రెండంతస్తుల గోడని ఇలా లేపితే ప్రమాదం. పైగా లావు జాయింటులో మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది, సన్న పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలో వాన నీరు దిగితే గోడ మీద ఉప్పు తేలుతుంది. ప్లాస్టరింగ్ లేని గోడకి అది ఇంకా కనిపిస్తుంది.

అయినా నేను ఒకసారి నమూనా గోడ కట్టించాను, నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. బరువేమీ మోయని గోడ. మేస్త్రీ 40 ఏళ్ల అనుభవం ఉన్నాయన. ఇటుక కోయొద్దు అన్నాను. మొదటి వరస పెట్టి చివర మిగిలిన ఖాళీ చూపిస్తూ, "ముక్క పెట్టొద్దంటే ఈ సందు ఎవరు పూడుస్తారు సార్?" అన్నాడు. మాలుతో పంచమన్నాను. మామూలు మాలుతో పంచితే పైన ఇటుక పెట్టగానే జాయింటు కుంగి, మాలు బయటికి కారిపోయింది. నీళ్లు తగ్గించి గట్టిగా కలిపించాం. రోజుకి నాలుగైదు వరసలకి మించి లేపలేదు. మూడోరోజుకి ఆయన నన్ను అడగడం మానేశాడు. ఒక్కో ఇటుక పెట్టేముందు వెనక్కి జరిగి, కింది వరస చూసి, ఎక్కడ ఎంత వదలాలో తనే తేల్చుకుంటున్నాడు. మామూలు గోడ కడుతున్నప్పుడు ఆయన అలా ఆగి చూడటం నేనెప్పుడూ చూడలేదు. క్లిప్పన్‌లో లెవెరెంట్స్ ఆ వయసులో తరచూ సైటుకొచ్చి మేస్త్రీల పక్కన నిలబడ్డాడంటే ఎందుకో అప్పుడు అర్థమైంది. ప్రతి వరసకీ ఒక నిర్ణయం కావాలి, అవన్నీ ముందే డ్రాయింగులో పెట్టలేం.

అందుకే మీకు చెప్పేదేమిటంటే, కాంపౌండ్ గోడో తోటలో అరుగో ఏదైనా చిన్న పని తీసుకుని ఒకసారి చేసి చూడండి. మాలు గట్టిగా కలపండి, వరసలు నిదానంగా లేపండి, చివర గోనెతో రుద్దడానికి మాలు సగం బిగిసేదాకా ఆగండి. ముందే రుద్దితే జాయింటు ఊడొస్తుంది, ఆలస్యమైతే ఇటుక మీద పొర అంటదు.

మీ అమ్మాయి మళ్లీ క్లిప్పన్ వెళ్తే ఇంకో మూడు ఫోటోలు తీయమనండి. వాలుతున్న నేల, తిన్నగా ఉన్న గోడ వరసలతో కలిసే చోటు ఒకటి. కమాను సన్నబడే చివర ఒకటి. కిటికీ ఖాళీ మూల, లోపలి నుంచి ఒకటి. పక్కన కొలత తెలిసేలా స్కేలో పెన్నో పెట్టమనండి. అవి వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ ఇటుక ఎందుకలా కూర్చుందో వరస వరసా చూద్దాం.